శంషాబాద్ ప్రాంత చిన్న పరిశ్రమలు: సాంకేతిక అవరోధాలు

రంగారెడ్డి జిల్లా శంషాబాద్ పరిసరాల్లో విమాన విడిభాగాల తయారీ పెరిగినా, చిన్న వర్క్‌షాపులు ఆ రంగంలోకి అడుగుపెట్టడం కష్టంగానే ఉంది. కొత్త యంత్రం కొనడం ఒక ఎత్తు, దానిపై చేసిన పని కచ్చితమైనదని రుజువు చేయడం మరో ఎత్తు.

నేపథ్యం

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. తర్వాత దాని ప్రాంగణంలో జీఎంఆర్ పారిశ్రామిక పార్కు, ఆదిభట్లలో ఏరోస్పేస్ సెజ్ వెలిశాయి. ఆదిభట్లలోని టాటా బోయింగ్ కర్మాగారం 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలేజ్‌లు (ప్రధాన దేహాలు) తయారుచేస్తోంది. సమీపంలోని కాటేదాన్ పారిశ్రామిక వాడ వీటన్నిటికన్నా పాతది. ఇలాంటి వాడల్లో జాబ్ వర్క్ చేసే వర్క్‌షాపుకు డ్రాయింగ్ కొనుగోలుదారే ఇస్తాడు. మిగిలేది పనికూలి మాత్రమే.

కొలత, ధ్రువీకరణ

విమాన భాగం మొదటి నమూనాకు ‘ఫస్ట్ ఆర్టికల్’ తనిఖీ తప్పనిసరి. డ్రాయింగ్‌లోని ప్రతి కొలతకూ నంబరు వేసి, భాగంపై వచ్చిన కొలతను దాని ఎదురుగా నమోదు చేస్తారు. లోహం ఏ బ్యాచ్‌దో తెలిపే సర్టిఫికెట్ జతచేస్తారు. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. 300 మిల్లీమీటర్ల అల్యూమినియం భాగం 40 డిగ్రీల వేడిలో సుమారు 0.14 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా లెక్కకొచ్చే పనిలో సరుకు తిరస్కరించడానికి ఇది చాలు. కాబట్టి సీఎన్‌సీ (కంప్యూటర్ నియంత్రిత) యంత్రంతోపాటు ఏసీ గది, కొలత పరికరాలు, విమాన రంగ నాణ్యతా ప్రమాణమైన ఏఎస్ 9100 ధ్రువీకరణ ఖర్చులూ తోడవుతాయి. వీటిని ఆర్డరు రాకముందే భరించాలి.

పెట్టుబడి, బకాయిలు

హామీ లేని రుణాలకు పూచీ ఇచ్చే సీజీటీఎంఎస్‌ఈ అనే ట్రస్టు 2000లో ఏర్పడింది. అయితే ఆర్డరు ఖాయం కానప్పుడు వాయిదాల భారం యజమానిదే. కొనుగోలుదారు సరుకు అందుకున్న 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఫిర్యాదు చేస్తే తర్వాతి ఆర్డరు పోతుందన్న భయం ఆ హక్కును బలహీనపరుస్తుంది.

నైపుణ్యం, తోడ్పాటు

ప్రోగ్రామింగ్ నేర్చిన ఆపరేటర్ ఎక్కువ జీతానికి పెద్ద కంపెనీకి వెళ్లిపోతే, శిక్షణ మళ్లీ మొదటికొస్తుంది. బాలానగర్‌లో 1968లో నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ శిక్షణ ఇస్తోంది. రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్‌లో నమూనాలు తయారుచేసుకోవచ్చు. నమూనా కుదరడం వేరు, అదే కొలతతో వెయ్యి భాగాలు చేసి ఇవ్వడం వేరు. కేంద్రం తన ‘జెడ్’ (జీరో డిఫెక్ట్ జీరో ఎఫెక్ట్) నాణ్యతా ధ్రువీకరణ రుసుములో సూక్ష్మ పరిశ్రమలకు 80 శాతం, చిన్నవాటికి 60 శాతం రాయితీ ప్రకటించింది. అయితే ఏఎస్ 9100 అడిగే కొనుగోలుదారు దగ్గర ‘జెడ్’ దానికి బదులు కాదు.