తంజావూరు కావ్యంలో దొంగ సన్యాసి

తంజావూరనగానే అందరికీ పెద్ద గుడి గుర్తొస్తుంది. మాకు ‘విజయవిలాసం’ కూడా. 17వ శతాబ్దంలో రఘునాథనాయకుడి కొలువులో చేమకూర వేంకటకవి చెప్పిన 3 ఆశ్వాసాల కావ్యం.

సుభద్ర మీద మనసుపడ్డ అర్జునుడు సన్యాసి వేషం కట్టి రైవతకం కొండ చేరతాడు. బలరాముడు నిజం స్వామే అనుకుని ద్వారకకి తెచ్చి, అంతఃపురంలో పెరిగిన చెల్లెలినే సేవకి పెడతాడు (కృష్ణుడికి అంతా తెలుసు లెండి!). పూలూ పళ్లూ అందించే చేయి, జపం మరిచే కళ్లు. దేశాలు తిరిగిన స్వామి కదా, అర్జునుణ్ణి ఎక్కడైనా చూశారా అని ఆమె ఆయన్నే అడుగుతుంది. మాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

కథ భారతంలోనిదే. ఆ వలపుని వేంకటకవి చాలాచోట్ల శ్లేషలో దాచాడు. అది పట్టుకోవాలంటే పద్యం కంటితో చదవాలి. తమిళ బళ్లకెళ్లే మా పిల్లలకి తెలుగు మాట ఉంది, అక్షరం లేదు. అందుకే ఇంట్లో ఓనమాలు దిద్దిస్తున్నాం, సుభద్ర అడిగిన ప్రశ్న వరకైనా వాళ్లంతట వాళ్లే చదువుకుంటారని.