ప్రవేశమునకును ప్రసిద్ధికిని నడుమ: ఎల్.వి. ప్రసాద్ వృత్తిజీవితము

చలనచిత్ర ప్రముఖుల జీవితచరిత్రలు వ్రాయువారు సామాన్యముగా రెండు ఘట్టములపై దృష్టి నిలుపుదురు. మొదటిది ఆ వ్యక్తి ఈ రంగమున ప్రవేశించిన దినము. రెండవది అతనికి కీర్తి తెచ్చిన చిత్రము. ఆ రెంటి నడుమ గడచిన కాలము ‘పెక్కు కష్టములు పడెను’ అను ఒక్క వాక్యముతో ముగియును. ఇందువలన చిత్రరంగమున స్థిరపడుట కేవలము అదృష్టఫలమను అభిప్రాయము బలపడినది. ఆ నడిమి కాలమే నిజమైన విద్యాకాలమని ఎల్.వి. ప్రసాద్ జీవితము నిదర్శనముగా ఈ వ్యాసమున నిరూపింప యత్నించెదను.

అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు 1908 జనవరి 17న ఏలూరు సమీపమునందలి సోమవరప్పాడు గ్రామమున జన్మించెను. నాటకములయందలి అభిరుచి ఆయనను ఇల్లు విడిపించి బొంబాయి చేర్చినది. ఆనాటికి తెలుగునాట చిత్రనిర్మాణశాల లేదు. రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను వెలసి చిత్రములు తీయుట 1936 నాటి మాట. కావున నేర్వగోరువాడు దూరదేశము పోక తప్పదు. బొంబాయిలో ఆయనకు మొదట లభించినది వీనస్ ఫిల్ము కంపెనీయందు చిల్లర పనులు చేయు కొలువు మాత్రమే.

పిమ్మట ఆయన ‘ఆలం ఆరా’ (1931), ‘కాళిదాస్’ (1931), ‘భక్తప్రహ్లాద’ (1932) చిత్రములయందు నటించెను. ఇవి వరుసగా హిందీ, తమిళ, తెలుగు భాషలలో తొలి టాకీలుగ పరిగణింపబడుచున్నవి. ‘భక్తప్రహ్లాద’ విడుదల తేది 1931 సెప్టెంబరు 15 అని చిరకాలము భావింపబడినను, అది 1932 ఫిబ్రవరి 6 అని తరువాతి పరిశోధనవలన తేలినది. మూడు భాషల తొలి టాకీలలో నటించుట విశేషమే. కాని ఆ విశేషము ఆనాడు ఆయనకు కీర్తినిగాని స్థిరమైన జీవికనుగాని ఈయలేదు. ఆ వేషములన్నియు చిన్నవి. మూకచిత్రము టాకీగ మారు సంధికాలమున స్టూడియో లోపల నుండగలుగుటయే ఆయనకు దక్కిన అసలు లాభము.

తరువాత ఆయన సహాయదర్శకుడయ్యెను. సుదీర్ఘమైన పేరు ‘ఎల్.వి. ప్రసాద్’ అని కుదింపబడినది ఈ దశయందే. దర్శకత్వము వహింపదొరకిన ‘కష్టజీవి’ మూడు రీళ్లతో ఆగిపోయెను. ఆయన మరల సహాయకత్వమునకే మరలెను. పృథ్వీ థియేటర్సు నాటకములయందును పనిచేసెను. తుదకు 1946లో ‘గృహప్రవేశము’ చిత్రమునకు దర్శకత్వము వహించి, అందు నాయకుడుగను నటించెను. తొలి టాకీకిని దీనికిని నడుమ పదునైదేండ్లు గడచినవి. ఆ కాలమున ఆయన నటన, సహాయకత్వము, రంగస్థలము అను మూడింటిని స్వయముగ నెఱిగెను. గూడవల్లి రామబ్రహ్మము అస్వస్థుడైనపుడు ‘పల్నాటి యుద్ధము’ (1947) పూర్తిచేయు భారమును ఆయన వహింపగలుగుటకు ఈ పరిచయమే ఆధారమైనది.

తాను నడచిన త్రోవనే ఆయన పరులకును చూపెను. ఎన్.టి. రామారావునకు ‘మనదేశము’ (1949) చిత్రమున లభించినది చిన్న పోలీసు అధికారి వేషము. మరుసటి యేడు ‘షావుకారు’ నాయకపాత్ర. సావిత్రి ‘సంసారము’ (1950) చిత్రమున చిన్న వేషమున కనబడి, ‘పెళ్లి చేసి చూడు’ (1952) మీదుగ ‘మిస్సమ్మ’ (1955) చేరెను. ఈ చిత్రములన్నిటికిని దర్శకుడు ప్రసాదే. ఆయనవద్ద సహాయకుడుగ నున్న తాతినేని ప్రకాశరావు 1952లో ‘పల్లెటూరు’నకు దర్శకుడయ్యెను.

అయితే ఈ పాఠశాల ద్వారము అందఱకు సమముగ తెఱువబడలేదు. ఆనాటి సహాయదర్శకులలో స్త్రీలు దాదాపు కానరారు. 1939లో ‘వరవిక్రయము’తో బాలికగ ప్రవేశించిన భానుమతి 1953లో ‘చండీరాణి’కి దర్శకత్వము వహించెను, కాని అది భర్తతో కలిసి నెలకొల్పిన భరణీ సంస్థయందే సాధ్యమైనది. ఒకరివద్ద సహాయకురాలుగ నుండి దర్శకత్వమున కెక్కు మెట్లు స్త్రీకి లేవు. కావున ఆమె తన మేడను తానే కట్టుకొనవలసివచ్చినది.

నెలజీతముపై నటులను, రచయితలను పోషించిన విజయావంటి సంస్థలు ఈ నడిమి కాలమునకు అన్నము పెట్టినవి. ఆ పద్ధతి సడలి, చిత్రమొక్కంటికి ఇంతయను ఒప్పందము వ్యాపించినకొలది, నేర్చుకొను కాలపు భారము నేర్చుకొనువానిపైననే పడినది. పూనాలో 1960లో నెలకొల్పబడిన ప్రభుత్వ విద్యాలయము ఆ లోటును కొంతవఱకే తీర్పగలిగినది.

కావున చలనచిత్రచరిత్ర పరిశోధకులు నాయకుల పేరులతో తృప్తిపడక, పాతచిత్రముల ప్రారంభమున చిన్న అక్షరములలో కానవచ్చు సహాయకుల పేరులను సేకరింపవలెను. ప్రసాద్ పేరు ప్రసిద్ధమగుటకు పూర్వము అట్టి వరుసలలోనిదే. అచటనే నిలిచిపోయినవారి కథ తెలియనంతవఱకు, పైకి వచ్చినవాని శ్రమ యెంతయో, అదృష్టమెంతయో తూచుట మనకు సాధ్యము కాదు.