దోర్నకల్ డయాసిస్: అజరయ్య నాయకత్వం

వి.ఎస్. అజరయ్య (1874–1945) ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, దోర్నకల్ కేంద్రంగా తెలుగు పల్లెల సంఘాలను నడిపించాడు. మాతృభాష తమిళమైనా తెలుగు నేర్చుకున్నాడు.

సువార్త చెప్పడం జీతగాళ్ల పని కాదు, ప్రతి విశ్వాసిదీ అన్నది ఆయన పట్టుదల. బాప్తిస్మం పొందినవారి చేత తమ తలపై చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు మాటల్లో పలికించేవాడు. దాంతో అక్షరం రాని కూలీకి కూడా సంఘం ఉద్దేశం కంఠతా వచ్చేది. కాగితంపై రాసిన ఏ ప్రణాళికా అంత లోతుకు దిగదు.

ఉపదేశకుల శిక్షణ, సంఘాల స్వయంపోషణ కూడా ప్రతి విశ్వాసీ సువార్త చెప్పాలన్న లక్ష్యానికే ముడిపడ్డాయి. డబ్బు లేనివారు కోతపండుగకు ధాన్యం, కోళ్లు కానుకగా తెచ్చేవారు. ఆయన హయాంలోనే 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథెడ్రల్‌లో ఆలయ, మసీదు శిల్పరీతులు రెండూ కనిపిస్తాయి.