తప్పు చెప్పు యంత్రము

దివాన్ బహద్దూర్ సేఠ్ రాంగోపాల్ పేర వెలసిన రాంగోపాల్‌పేట, నాటి జేమ్స్ వీధి నేడు మహాత్మాగాంధీ రోడ్డుగా మారినను, సికింద్రాబాదు వర్తకమునకు ఆటపట్టుగనే నిలిచియున్నది. చిట్టాలతోను, ఖాతాలతోను బ్రతికిన ఈ ప్రాంతమునకు చేరువనే, సరోజినీదేవి రోడ్డులో, 1980ల దశకమున సి.ఎం.సి. వారి పరిశోధనాభివృద్ధి కేంద్రము నెలకొనెను. 1975లో భారత ప్రభుత్వము స్థాపించిన ఆ సంస్థ, 1978లో ఐ.బి.ఎం. దేశమును విడిచిన పిమ్మట ఆ కంప్యూటర్ల పోషణభారమును వహించి, తదుపరి ‘ఇంప్రెస్’ అను రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను రూపొందించి, 1985లో క్రొత్త ఢిల్లీయందు ప్రవేశపెట్టెను.

అంతకుముందు రిజర్వేషన్ అంతయు చేతివ్రాతయే. గుమాస్తా ఏమరుపాటున ఒకే బెర్తును ఇరువురికి వ్రాసియిచ్చినను, రిజిస్టరులోని కాగితము కలము పట్టిన చేతిని వారింపజాలదు గదా! ఆ దోషము చార్టు సిద్ధమగు వేళనో, అర్ధరాత్రి బండిలో ఇద్దరు ప్రయాణికులు ఒకే బెర్తునకై వాదులాడు వేళనో గాని బయటపడెడిది కాదు. కంప్యూటరు తెచ్చిన మేలు వేగమేయని పలువురందురు; తప్పు జరిగిన క్షణముననే, అది ఒరులకు నష్టముగా పరిణమింపకమునుపే, చేసినవానికి తెలియజెప్పుట అంతకంటె గొప్ప మేలని నా దృఢవిశ్వాసము.

అయితే తెలియజెప్పుటలోను తారతమ్యములు గలవు. యూనిక్స్ తొలినాళ్ల ‘ఎడ్’ అను ఎడిటరు, ఆదేశమెట్లు తప్పినను, ఒక్క ప్రశ్నార్థకమును మాత్రము ముద్రించి ఊరకుండెడిది. తప్పెక్కడనో వెదకికొనుట వాడుకరి వంతు. ఇంప్రెస్‌కు ఆధారమైన వ్యాక్స్ యంత్రముల నిర్వహణవ్యవస్థయగు వి.ఎం.ఎస్. అట్లు గాదు. ‘డైరెక్టరీ’ అను ఆదేశములో తొలి అక్షరములు తారుమారైనచో, ఆ సందేశము ఏ విభాగమునుండి వచ్చినదో, దాని తీవ్రత యెంతయో ముందుగా సూచించి, ‘ఈ ఆదేశపదము గుర్తింపబడలేదు, వర్ణక్రమమును సరిచూడుము’ అను భావముగల వాక్యమును పలికి, తప్పిన పదమును తరువాతి పంక్తిలో రెండు వాలుగీతల నడుమ నిలిపి చూపెడిది. తీవ్రతను తెలుపుటకు ఒక్క అక్షరము చాలును: హెచ్చరికకు డబ్ల్యు, దోషమునకు ఇ, పని సాగనీయని మహాదోషమునకు ఎఫ్. మందలింపక, దాచక, తప్పున్న చోటును వ్రేలుపెట్టి చూపు ఈ పద్ధతి శిష్యుని పలకపై అక్షరమును దిద్దించు పంతులు పద్ధతి.

1994 సెప్టెంబరులో రైల్వేల కంప్యూటరు సంస్థయైన ‘క్రిస్’ నిర్మించిన ‘కాన్సర్ట్’ అను రిజర్వేషన్ వ్యవస్థ దేశమునందు మొట్టమొదట సికింద్రాబాదుననే అమలులోనికి వచ్చెను. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములైదును ఒక్క వలగా అల్లబడెను. ఒక ఊరి గుమాస్తా మీటలపై చేసిన పొరపాటు ఇంకొక ఊరి ప్రయాణికుని బెర్తును తాకగల కాలము వచ్చినందున, హెచ్చరిక విలువ పదింతలయ్యెను.

ఇచట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. ఫిబ్రవరి 30వ తేదీని యంత్రము నిరాకరింపగలదు. లేని స్టేషను కోడును త్రోసిపుచ్చగలదు. కాని 21వ తేదీకి మారుగా 12వ తేదీని, సికింద్రాబాదు కోడైన ‘ఎస్‌సి’కి మారుగా హైదరాబాదు కోడైన ‘హెచ్‌వైబి’ని కొట్టినచో, రెండును చెల్లునవే గనుక, అది మౌనము వహించుటకంటె చేయగలిగినది లేదు. అట్టి తప్పును ఎరుగువాడు, తానెక్కడికి, ఎన్నడు పోదలచెనో తెలిసిన ప్రయాణికుడొక్కడే. కావుననే అనేక కౌంటర్లలో ప్రయాణికుని వైపు తిప్పిన రెండవ తెరను అమర్చిరి. మంచి గుమాస్తా టిక్కెట్టు అచ్చునకు పంపకమునుపు తేదీని, బండిని, ఊరిని బిగ్గరగా చదివి వినిపించును. హెచ్చరికలు వ్రాయు నేటి ప్రోగ్రామర్లు ఈ కౌంటరు ధర్మమును మననము చేయవలెను: యంత్రమునకు తెలిసిన తప్పును స్పష్టముగా చెప్పుట సగము పని; దానికి తెలియని తప్పును పట్టగల మనుష్యుని యెదుట, పని ముగియకమునుపే, సమస్తమును విప్పి చూపుట తక్కిన సగము.