విస్టా కాలంలో తెలుగుకు దక్కినది

రాష్ట్రం వెలుపల తెలుగు బోధించే తోటి ఉపాధ్యాయులారా, ఇంటివద్ద పిల్లలచేత అక్షరాలు దిద్దించే తల్లిదండ్రులారా! కంప్యూటరు తెరపై తెలుగు ఉండవలసిన చోట వరుసగా ఖాళీ డబ్బాలు కనిపించిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ డబ్బాలు ఎలా మాయమయ్యాయో తెలుసుకోవాలంటే, లోకమంతా తిట్టిపోసిన ఒక నిర్వహణ వ్యవస్థ చరిత్ర చూడవలసి ఉంటుంది. అదే విండోస్ విస్టా.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగు లిపికి స్థానం లభించింది. అయితే సంకేత సంఖ్య కేటాయించినంత మాత్రాన అక్షరం తెరపైకి రాదు. 'స్త్రీ' అనే మాటను తీసుకోండి. పలకమీద మనం దానిని ఒక్క అక్షరంగానే రాయిస్తాము. యంత్రం లోపల మాత్రం అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. ఒత్తులను కిందికి దించి, గుడి దీర్ఘాన్ని తలపై నిలిపే పని నిర్వహణ వ్యవస్థ, ఖతి కలిసి చేయాలి. విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి ఈ ఏర్పాటు జరిగింది. తెలుగు, కన్నడ, గుజరాతీ, గురుముఖి లిపులు 2001 అక్టోబరు 25న విడుదలైన ఎక్స్‌పీ దాకా ఆగవలసి వచ్చింది. తమిళనాట తెలుగు చెప్పేవారికి ఈ వరుస క్రమం కొత్తేమీ కాదు లెండి!

ఎక్స్‌పీతో పాటు 'గౌతమి' ఖతి వచ్చింది, కీబోర్డు అమరిక వచ్చింది. కాని ఆంగ్ల ఎక్స్‌పీలో అవి వాటంతట అవి పనిచేయవు. కంట్రోల్ ప్యానెల్ తెరచి, భాషల విభాగంలో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు యంత్రం ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఆ సీడీ ఎందరి ఇళ్ళలో ఉండేది? తెలుగు ఉన్నదని తెలియనివాడు ఆ గడి దాకా ఎందుకు వెళతాడు?

ఎక్స్‌పీ తరువాతి వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ 'లాంగ్‌హార్న్' అని సంకేతనామం పెట్టి 2001లోనే పని మొదలుపెట్టింది. దానిలో చేర్చదలచిన కొత్త అంశాలు పెరుగుతూ పోయాయి. ఇంతలో 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు ఎక్స్‌పీ యంత్రాలను చుట్టుముట్టింది. ఇంజనీర్లు ఎక్స్‌పీ రక్షణకు మళ్ళారు. 2004 ఆగస్టులో అప్పటిదాకా చేసిన పనిలో చాలా భాగాన్ని పక్కనపెట్టి, విండోస్ సర్వర్ 2003 పునాదిపై మళ్ళీ కట్టడం ప్రారంభించారు. ఎంతో గొప్పగా ప్రకటించిన విన్ఎఫ్ఎస్ అనే దత్తాంశ వ్యవస్థను వదులుకున్నారు. చివరకు విస్టా 2006 నవంబరులో సంస్థలకు, 2007 జనవరి 30న సామాన్యులకు అందింది.

ఆదరణ మాట చెప్పనక్కరలేదు. ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ జ్ఞాపకశక్తి చాలు. విస్టాకు 512 ఎంబీ కావాలి, హాయిగా నడవాలంటే 1 జీబీ ఉండాలి. పాత ప్రింటర్లకు డ్రైవర్లు దొరకలేదు. ఏ పని చేయబోయినా అనుమతి అడిగే పెట్టె తెరపై ప్రత్యక్షమయ్యేది. 'విస్టాకు తగినది' అనే చీటీ అంటించి అమ్మిన యంత్రాలపై 2007లో అమెరికాలో దావా పడింది. 2008లో మైక్రోసాఫ్ట్ ఒక తమాషా చేసింది. విస్టా అంటే గిట్టనివారికి దానినే 'మొహావీ' అనే కొత్త పేరుతో చూపగా, బాగున్నదని మెచ్చుకున్నారు! పేరు ఎంతగా చెడిపోయిందో చూడండి.

ఆ గోలలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటున్నది. విస్టాలో సంక్లిష్ట లిపుల ఏర్పాటు ముందే స్థాపించి ఉండేది. టిక్కు అక్కరలేదు, సీడీ అక్కరలేదు. యూనికోడ్‌లో ఉన్న తెలుగు పుట తెరిస్తే తెలుగే కనిపించేది. టైపు చేయడానికి కీబోర్డును మాత్రం ఎంచుకోవలసి వచ్చేది.

అయితే విస్టాను కాదని ఎన్నో కార్యాలయాలు, బడులు ఎక్స్‌పీనే అంటిపెట్టుకున్నాయి. కొత్త యంత్రం కొని మరీ అందులో ఎక్స్‌పీ వేయించుకున్నవారూ ఉన్నారు. వారి తప్పేమీ లేదు. నెమ్మదించిన యంత్రంతో ఎవరు వేగుతారు? కాని ఆ సీడీ, ఆ టిక్కు, ఆ డబ్బాలు మరికొన్నేళ్ళు వారి వెంటే ఉన్నాయి. 2009 అక్టోబరు 22న విండోస్ 7 వచ్చి, దానితో 'వాణి' అనే మరో తెలుగు ఖతి చేరాక జనం కదిలారు. అందరూ మెచ్చిన ఆ విండోస్ 7 లోపలి సంఖ్య 6.1. విస్టాది 6.0.