బయానా నుంచి రెరా దాకా: ఉత్తరాంధ్రలో ఇంటి బేరం, విరమణ

బేరం కుదిరి, కొంత సొమ్ము చేతులు మారాక ఆస్తిలో లోపం బయటపడితే కొనేవాడు తప్పుకోవచ్చా, ఇచ్చిన డబ్బు తిరిగి వస్తుందా అన్న ప్రశ్న అపార్ట్‌మెంట్లతో పుట్టింది కాదు. మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాల్లో (వివాద శీర్షికల్లో) క్రయవిక్రయానుశయం ఒకటి. కొన్నాక గాని అమ్మాక గాని మనసు మారినవారికి అది పది రోజుల గడువు ఇచ్చింది. బేరం ఖాయం చేస్తూ పుచ్చుకున్న సత్యంకారానికి, అంటే బయానాకు, బేరం తప్పితే రెట్టింపు తిరిగి ఇప్పించాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. ఆ స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు.

ఆధునిక న్యాయం ఈ నియమాలను పక్కన పెట్టి కొత్త దారి వేసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒప్పందం తప్పినవారు చెల్లించాల్సిన పరిహారానికి హద్దు పెట్టింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన కొనేవాడికి ఆస్తిపై హక్కు రాదు. అయితే మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాలను అమ్మేవాడే ముందుగా చెప్పాలి. కొనేవాడు సరైన కారణంతో ఆస్తి స్వీకరించకపోతే, ఇచ్చిన బయానా కోసం అతనికి ఆ ఆస్తిపైనే చార్జి ఉంటుంది. అకారణంగా తప్పుకుంటే మాత్రం బయానా పోతుంది. పేచీ వస్తే కోర్టులు ముఖ్యంగా చూసేది ఈ తేడానే.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ‘సరైన కారణం’ చాలాసార్లు భూమి గతంలోనే దొరుకుతుంది. 1802 శాశ్వత శిస్తు ఒప్పందంతో ఇక్కడి నేలలో అధిక భాగం జమీందారీల కిందికి వెళ్లింది. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, మందస, పర్లాకిమిడి వాటిలో పేరెన్నికగన్నవి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఈ గ్రామాల్లో సర్వే, సెటిల్‌మెంటు జరిగి రైతులకు రైత్వారీ పట్టాలు వచ్చాయి. అప్పుడు తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ నేటికీ ఇక్కడి హక్కులకు మూలాధారం. చేతిలో ఎన్ని లింకు డాక్యుమెంట్లు ఉన్నా, ఆ రికార్డులో నేల గెడ్డ (వాగు)గానో, చెరువుగానో, బంద (చిన్న చెరువు)గానో, పోరంబోకుగానో నమోదై ఉంటే పైన కట్టిన ఇంటికి పునాది లేనట్టే.

తర్వాతి చట్టాలు మరికొన్ని చిక్కులు తెచ్చాయి. ఇనాములను 1956లో రద్దు చేశారు. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఏజెన్సీలో 1959 నిబంధన, దాని 1970 సవరణ వల్ల గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ భూములు నిషేధిత జాబితాకు ఎక్కాయి. విజయనగరం రాజవంశం వంశపారంపర్య ధర్మకర్తగా ఉన్న సింహాచలం దేవస్థానం భూముల వివాదం దీనికి పేరుమోసిన ఉదాహరణ. పొరుగున విశాఖలోని పంచగ్రామాల్లో దశాబ్దాలుగా కాపురముంటున్న కుటుంబాలు సైతం ఇళ్లపై పూర్తి హక్కు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

ఫ్లాట్ల కాలంలో కట్టడం లోపాలు కూడా వచ్చి చేరాయి. 1987లో రాష్ట్రం అపార్ట్‌మెంట్ల చట్టం చేసింది. ప్లానుకు మించి కట్టిన అంతస్తులు ఎంతగా పెరిగాయంటే, 2007 చివరిలో ఒకసారి, 2015లో మరోసారి ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకాలు పెట్టింది. 1993లో సుప్రీంకోర్టు గృహనిర్మాణాన్ని వినియోగదారుల చట్టం కింద సేవగా గుర్తించడంతో, కొనేవారికి సివిల్ కోర్టుతో పాటు జిల్లా వినియోగదారుల ఫోరం కూడా అందుబాటులోకి వచ్చింది.

పెద్ద మలుపు 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవారు, గడువుకు ఫ్లాటు అందనివారు తప్పుకుని వడ్డీతో సహా సొమ్ము వాపసు అడగవచ్చు. జాప్యం జరిగినప్పుడు ఈ హక్కుకు షరతులు లేవని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ 500 చదరపు మీటర్లకు మించని స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లకు మించకుండానో కట్టే వాటికి రెరా నమోదు అక్కర్లేదు. చిన్న పట్టణాల్లో ఇలాంటివి మామూలే. అక్కడ కొనేవాడికి నేటికీ ప్రధానంగా దిక్కు 1872, 1882 చట్టాలే.

రిజిస్ట్రేషన్ జరిగిందంటే హక్కు ఖాయమైందని కాదు. సబ్‌రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తాడే తప్ప అమ్మేవాడి హక్కుకు పూచీ పడడు. హక్కుకు ప్రభుత్వమే పూచీ ఉండే పద్ధతిని ఉద్దేశించిన రాష్ట్ర భూహక్కుల చట్టం 2023లో అమల్లోకి వచ్చి 2024లో రద్దయింది. కాబట్టి పరిశీలన భారం కొనేవాడిదే. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, ఫెయిర్ అడంగల్, నిషేధిత జాబితా, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఫ్లాటుకు రావలసిన అవిభక్త స్థలవాటా అన్నీ సరిచూడాలి.

లోపాలన్నీ ఒక్క తీరువి కావు. తీరని బ్యాంకు అప్పు, వారసుడి సంతకం, పన్ను బకాయి వంటివి సరిచేయగలిగినవి. వాటికి రాతపూర్వకంగా గడువు పెట్టి, మిగతా సొమ్ము ఆపితే చాలు. అసైన్డ్ భూమి, చెరువు గర్భం, దేవాలయ మాన్యం వంటివి అమ్మేవాడి వల్ల నయమయ్యేవి కావు. అలాంటి బేరం క్రయపత్రానికి ముందే వదులుకోవడం మేలు. కారణం చూపుతూ నోటీసు ఇచ్చి తప్పుకుంటే బయానా అడిగే హక్కు నిలుస్తుంది; రిజిస్ట్రేషన్ అయ్యాక మిగిలేది దావా ఒక్కటే.