పొట్లానికీ ఓ చరిత్ర

రాజుల చరిత్ర రాసేవాళ్ళకి మనదేశంలో లోటు లేదు. పొట్లం చరిత్ర రాసేవాళ్ళే కనబడరు. రాజులు పోయారు, పొట్లం మిగిలింది. వంటింటి అలమార తలుపు తీయగానే కందిపప్పు మొదలు కాఫీపొడి దాకా మనల్ని పలకరించేది అదే కదా! అందుకని ఆ బాధ్యత నేను నెత్తినేసుకున్నాను.

మా మార్కాపురం, గిద్దలూరు వైపు నల్లమల పక్కనే ఉంది గనక ఆకుకి కొదవలేదు. విస్తరికి మోదుగాకు, పూలు కట్టివ్వడానికీ ఏదో ఒక ఆకు. తర్వాత పాత పేపర్లొచ్చాయి. చిల్లరకొట్టు శెట్టిగారు కాగితాన్ని శంఖంలా చుట్టి, కొస మడిచి, పప్పు పోసి, పురికొస గిరగిరా తిప్పి పుటుక్కున తెంపేవారు. ఆ పొట్లానికి జిగురే లేదు, అంతా చేతి చలవ!

సరుకు కాస్త ఎక్కువైతే కాగితపు సంచి కావాలి. అది ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, కాగితాలు మడిచి అంటించి, ఆరబెట్టి, వందల లెక్కన కొట్లకిచ్చేవారు. వచ్చేది చిల్లరే. పిల్లల నోటు పుస్తకాలకీ, ఇంట్లో కనబడని ఖర్చులకీ ఆ చిల్లరే ఆధారం. ఆ సంచులమీద ఎవరి పేరూ ఉండేది కాదు.

సముద్రాల అవతల కూడా మొదట్లో సంచులకి చేతులే దిక్కు. 1852లో అమెరికాలో ఫ్రాన్సిస్ వోల్ అనే ఆయన సంచులు చేసే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. కానీ ఆ సంచి ఉత్తరం కవరులా పల్చగా ఉండేది, నిలబెడితే పడిపోయేది. చదరపు అడుగున్న సంచి కావాలంటే మళ్ళీ చేత్తో అంటించాల్సిందే.

ఆ చిక్కు విప్పింది ఒక ఆడది. పేరు మార్గరెట్ నైట్, 1838లో పుట్టింది. చిన్నతనంలో బట్టల మిల్లులో, మగ్గంమీంచి ఎగిరిన నాడె తగిలి ఒక కార్మికుడు గాయపడటం చూసి, దానికి అడ్డుకట్ట వేసే పరికరం ఊహించిందిట. తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సంచుల కంపెనీలో పనిచేస్తూ, కాగితాన్ని కోసి, మడిచి, అడుగు అంటించే యంత్రాన్ని ముందు కొయ్యతో చేసింది. దాన్ని బోస్టన్‌లో ఇనుముతో చేయిస్తూంటే చార్లెస్ అన్నన్ అనే ఆయన చూసి, తన పేర పేటెంటు తీసుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. దావా వేసింది. ఆడదానికి యంత్రాల సంగతి ఏం తెలుస్తుందన్న వాదన కూడా అక్కడ వినబడిందంటారు. ఆమె తన బొమ్మలూ, రాతలూ, సాక్షులనూ ముందు పెట్టింది. గెలిచింది. 1871లో ఆ పేటెంటు ఆమె పేరనే వచ్చింది.

మా కంభం చెరువు కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని తరతరాలుగా చెప్పుకుంటాం. ఎవరూ సాక్ష్యాలడగరు. రాణి కాదు గనక, పాపం, మార్గరెట్‌కి సాక్ష్యాలు కావలసివచ్చాయి!

ఇంతవరకూ కథంతా జిగురుదే. ఇంకో మలుపు 1933లో వచ్చింది. ఇంగ్లండ్‌లో ఐ.సి.ఐ. కంపెనీ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు వేరే దేనికోసమో ప్రయత్నిస్తే, పాత్రలో మైనంలాంటి తెల్లటి పదార్థం మిగిలింది. అదే పాలిథిన్. కొన్నాళ్ళకి దాన్ని కాగితానికి లోపలివైపు పల్చగా పూయడం నేర్చుకున్నారు. ఇక జిగురు అక్కర్లేదు, వేడి చాలు.

అప్పడాల కవరు అంచుని కొవ్వొత్తి మంట దగ్గర పెట్టి అతికించిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. యంత్రం చేసేదీ అదే. పెద్ద కాగితపు చుట్ట తిరుగుతూంటుంది. కాగితం ఒక అచ్చు చుట్టూ వంగి, రెండంచులూ కలిసి గొట్టమౌతుంది. కాలే ఇనప దవడలు వచ్చి నొక్కుతాయి. కత్తి కోస్తుంది. మామూలు పాలిథిన్ సుమారు 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాగితం కరగదు. వేడి ఎక్కువైతే కాగితం మాడుతుంది, తక్కువైతే అతుకు ఊడుతుంది. వేడీ, ఒత్తిడీ, సమయం... మూడూ కుదరాలి. మన దోసెకి మల్లేనే!

అయితే ఇక్కడే నాకో పేచీ ఉంది. మార్కాపురం పలకరాయిని ఉలితో తడితే పొరలు పొరలుగా విడిపోతుంది. దాని గుట్టు దాస్తే దాగేది కాదు. ఈ కొత్త కవరు అలా కాదు. బయటికి కాగితం, లోపల పాలిథిన్. రెంటినీ విడదీయడం మన తరం కాదు.

2016లో ఆహార భద్రతా సంస్థ తినుబండారాలు వార్తాపత్రికల్లో కట్టొద్దంది. సిరాలో ఉండే రసాయనాలు ఒంటికి మంచివి కావుట, న్యాయమే. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని దేశమంతా నిషేధించారు. అదీ న్యాయమే. కానీ కాగితం చూపించి మనచేత మళ్ళీ ప్లాస్టిక్కే మోయిస్తే?

పరీక్ష చాలా తేలిక. ఖాళీ కవరు మూల కాస్త చింపండి. చిరుగు దగ్గర సాగే పల్చటి పొర కనబడిందా? అనుమానం తీరకపోతే ఆ ముక్కని రాత్రి నీళ్ళలో నానేసి పొద్దున్నే నలపండి. కాగితం పిప్పైపోతుంది, పొర ఉంటే చేతిలో మిగులుతుంది. మిగిలిందా, దాన్ని పెంటకుప్పలో వెయ్యకండి. మట్టిలో కలవదు, పైగా వీధి ఆవు ఉప్పగా ఉందని నాకి మింగుతుంది. పొడిచెత్తలో వెయ్యండి.

పప్పో, ఉప్పో కొనేటప్పుడు మాత్రం, మైదా జిగురుతో అంటించిన సంచి దొరికితే అదే అడగండి. అడిగేవాళ్ళుంటే ఏ ఇంట్లోనో ఇంకో నాలుగు వందల సంచులు ఆరతాయి.